నెత్తురు తినే జబ్బు

కుక్కలంటే నాకు ప్రేమ లేదు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇది చదివి ఎవరైనా నన్ను జాలిగుండె మనిషి అనుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మా రాయచోటి పక్క పల్లెల్లో కుక్క అంటే వీధిది. మిగిలిన సంగటి ముద్ద వేస్తే తింటుంది, వేయకపోతే ఇంకో ఇంటి ముందుకు పోయి కూర్చుంటుంది. కుక్కకు గది, ఏసీ, దువ్వెన, షాంపూ ఉంటాయని కువైట్‌కు వచ్చాకే తెలిసింది. నేను చూసిన కుక్క గదికి కిటికీ కూడా ఉంది. దాని పక్కనే ఉన్న నా గదికి లేదు.

నేను పనిచేసిన ఇల్లు రుమైథియాలో ఉండేది. మేడ మీద బట్టలుతికే గది, దాని పక్కన నా గది, ఆ పక్కన కుక్క గది. యజమానురాలిని ఇక్కడ పనిచేసే ఆడవాళ్ళందరిలాగే నేనూ మామా అనేదాన్ని. ఆమె పెద్ద కొడుకు ఏం పని చేస్తాడని మా వాళ్ళెవరైనా అడిగితే, ఫోను పట్టుకుంటాడు అని చెప్పేదాన్ని. అందులో అబద్ధం లేదు. కార్లు, కాఫీ కప్పులు, బూట్లు, అన్నిటికీ ఫొటోలు తీసి జనానికి చూపించేవాడు. ఎంతమంది చూశారో అన్నం ముందు కూర్చుని కూడా చూసుకునేవాడు.

ఇరవై ఏళ్ళప్పుడు వాడికి కుక్క కావాలనిపించింది. మామూలు కుక్క పనికిరాదు. మంచుకొండల దేశం నుంచి విమానంలో తెప్పించాడు. ఒళ్ళంతా నల్లటి ఉన్ని, రొమ్ము మీద తెల్లటి పట్టీ, కళ్ళ పైన ఇటుక రంగు చుక్కలు. జూన్ నెలలో చెప్పులు తారుకు అతుక్కుపోయే దేశానికి గొంగడి కప్పుకుని పుట్టిన జంతువును తెచ్చాడు, ఫొటోలో బాగుంటుందని. నిజమే, బాగానే ఉండేది. ఫొటో అయిపోగానే "యల్లా, పైకి తీసుకుపో" అనేవాడు. నేను తీసుకుపోయేదాన్ని.

కుక్క నోటి తడి తగిలితే ఆ ఇంట్లో ఏడుసార్లు కడగాలి, అందులో ఒకసారి మట్టితో. ఆ నియమం మీద నాకు చిన్నచూపు లేదు. మా ఇంట్లోనూ మైల ఉంది, మడి ఉంది, వాటితో మా అత్త నన్ను వేపుకు తిన్నది. నాకు రోత పుట్టించింది వేరు. నియమం తెలిసి కూడా కుక్కను తెచ్చుకున్నారు, తెచ్చుకున్నాక ముట్టుకునే పనంతా నా మీదికి తోశారు. "నువ్వు హిందువువి కదా, నీకేం ఫరవాలేదు" అంది మామా, నాకేదో వరమిస్తున్నట్టు. కుక్కకు ఏదో ఇంగ్లీషు పేరు పెట్టారు. నాకు నోరు తిరగక "అబ్బీ" అని పిలిచేదాన్ని. దానికే పలకడం అలవాటైపోయింది.

ఇలా ఐదేళ్ళు గడిచాయి. కొడుక్కి గడ్డం వచ్చింది, అంతకు మించి మార్పు లేదు. కుక్కకు మాత్రం ఆ ఏడాది ఎండలు ఇంకా ముదరకముందే ఏదో అయింది. మేడ మెట్లు రెండెక్కి కూర్చునేది. నా వైపు చూసేది. "నీకేం పొయ్యేకాలం వచ్చిందిరా అబ్బీ, నిన్ను మొయ్యాల్నా నేను?" అని తిట్టేదాన్ని. ఇంకో రెండెక్కి మళ్ళీ కూర్చునేది. దువ్వుతుంటే ఉన్ని కింద పక్కటెముకలు చేతికి తగిలాయి.

నోటి వాసన రాకుండా వారానికోసారి దాని పళ్ళు తోమాలని కొడుకు ఆజ్ఞ. అలా తోముతున్న రోజు పెదవి పైకెత్తి చూశాను. చిగుళ్ళు సున్నం వేసిన గోడలా తెల్లగా ఉన్నాయి. వేలితో నొక్కాను, వదిలాను. రంగు మారలేదు, మారడానికి అక్కడ రంగంటూ ఉంటే కదా. ఆ ఇంట్లో ఎనిమిది మంది ఉన్నారు. ఆ నోట్లోకి చూసిన మనిషిని నేనొక్కదాన్నే.

కిందికి పోయి చెప్పాను. "మామా, కుక్కకు నెత్తురు లేదు."

మామా టీవీ మీది నుంచి కళ్ళు తిప్పలేదు. "వేడికి అలసిపోయింది. ఏసీ పెంచు."

కొడుక్కి చెప్పాను. "వయసు మీదపడుతోంది" అన్నాడు. పోయిన వారం తీసిన ఫొటో చూపించాడు. అందులో అది నాలుక బయటపెట్టి నవ్వుతున్నట్టే ఉంది. జబ్బు ఫొటోలో కనపడలేదు కాబట్టి జబ్బు లేనట్టే. ఇంత తెలివి ఏ బడిలో నేర్పుతారో నాకు తెలియదు.

వాళ్ళను తిట్టుకుంటూ, నాకు అన్నీ తెలుసన్న పొగరుతో, నేను చేసిన ఘనకార్యం ఇప్పుడు చెప్తాను. రెండో కాన్పు తర్వాత మా ఊరి ఆసుపత్రిలో డాక్టరమ్మ నా కింది రెప్ప లాగి చూసి, "ఇంత తెల్లగా ఉంటే ఎట్ల బతుకుతావమ్మా" అంది. రక్తం పట్టే మాత్రలిచ్చింది, కార్జం తినమంది, రాగులు, బెల్లం తినమంది. మూడు నెలలకు లేచి తిరిగాను. మా పక్క ఆడవాళ్ళలో ఈ మాత్రలు మింగనివాళ్ళు తక్కువ. కువైట్‌కు వచ్చేవాళ్ళు పచ్చళ్ళతో పాటు వీటినీ పెట్టెలో సర్దుకుంటారు. నా దగ్గరా ఉన్నాయి. తెల్లబడిందంటే నెత్తురు తక్కువ, తక్కువంటే పట్టించాలి. నాకు తెలిసిన వైద్యం అదొక్కటే. మనిషికి ఒకటైతే, ఈ దున్నపోతుకు రెండనుకున్నాను.

జమ్మియాకు, అంటే ఆ పేటలో అందరూ సరుకులు కొనే కోపరేటివ్ అంగడికి, సామాన్లకు పోయినప్పుడల్లా మేక కార్జం తెచ్చేదాన్ని. ఉప్పు లేకుండా ఉడకబెట్టి, మధ్యలో రెండు మాత్రలు దూర్చి పెట్టేదాన్ని. ఆ ఇంటి డ్రైవరుది జగిత్యాల. నా కంటే చిన్నవాడు, అక్కా అని పిలుస్తాడు. గిన్నె చూసి నవ్వాడు.

"ఏందక్కా, కుక్కకు కార్జమా? గీ ఇంట్ల మనకన్న దాని బతుకే మంచిగున్నది. జర నాక్కూడ ఇంత పెట్టరాదు."

"నోరు మూసుకోని కారు తుడుచుకో పో. నీకు నెత్తురు తక్కువైన పొద్దు నీకూ పెడతాలే."

నాలుగు రోజులకు కుక్క లేచింది. మెట్లన్నీ ఎక్కింది, ఒకసారి మొరిగింది కూడా. నా గర్వం చూడాలి మీరు. ఆ శుక్రవారం సెలవుకు అబ్బాసియా పోయి, మా వాళ్ళు కలిసే హోటల్లో ఈ సంగతి గొప్పగా చెప్పుకున్నాను. కడప నుంచి వచ్చిన ఒకావిడ దోసె నోట్లో పెట్టుకుని పగలబడి నవ్వింది. "మొగునికన్న ఏ పొద్దైనా కార్జం వండి పెట్టినావా మ్మే? కుక్కకు పెడతాండావు!" అందరూ నవ్వారు. నాకు ఆ నవ్వులంటే అసహ్యం. వారమంతా ఇంకొకరి మరుగుదొడ్లు కడిగి, ఒక్కపూట బయటికొచ్చి, ఎగతాళికి ఎవరు దొరుకుతారా అని చూసే గుంపు అది. ఆ గుంపులో ప్రతి శుక్రవారం నేనూ ఉండేదాన్ని, అది వేరే మాట.

ఆదివారం ఉదయం తలుపు తీసేసరికి కుక్క పడుకున్న చోటే ఒంటికి పోసుకుని ఉంది. అది టీ డికాషన్ రంగులో ఉంది. కళ్ళలో తెల్లగుడ్డు పసుపు తిరిగింది. ఒళ్ళు కాలిపోతోంది. పెద్ద తువ్వాలులో వేసి డ్రైవరూ నేనూ చెరో కొస పట్టుకుని కిందికి దించాం. వాడు ఆ రోజు ఒక్క జోకు వేయలేదు. గుమ్మం దగ్గర మామా ఎదురొచ్చింది. "తివాచీ మీద పెట్టకండి" అంది. కుక్కకు ఏమైందని అడిగింది, కాదనను. తివాచీ తర్వాత అడిగింది.

పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ కేరళ మనిషి, నాతో హిందీలో మాట్లాడింది, దీదీ అని పిలిచింది. నెత్తురు తీసి చూసి, ఉండాల్సిన దాంట్లో మూడో వంతు కూడా లేదంది. ఒంట్లో కాపలా కాసే కణాలు సొంత నెత్తురునే శత్రువనుకుని చంపే జబ్బొకటి ఉంటుందట, ముందు అదే అనుకుంది. దానికి మందులు మొదలుపెట్టింది. ఇంకో కుక్క నెత్తురు ఎక్కించింది. కుక్కలు కూడా నెత్తురు దానం చేస్తాయని నాకు అప్పుడే తెలిసింది. చిగుళ్ళు గులాబీ రంగుకు వచ్చాయి. రెండు రోజులకు మళ్ళీ సున్నం. అప్పుడు డాక్టరమ్మ కుక్క పొట్ట మీద సూది గుచ్చి ప్లీహంలోంచి ఇంత తీసి పరీక్షకు పంపింది.

నెత్తురు ఎక్కిస్తున్నప్పుడు కొడుకు వచ్చాడు. పది నిమిషాలున్నాడు. కట్టు కట్టిన కాలును ఫొటో తీసి, ప్రార్థించండి అని కింద రాసి లోకానికి పంపాడు. మర్నాడు స్నేహితులతో టర్కీ పోయాడు. టిక్కెట్టు ముందే తీసుకున్నాడట. వచ్చే వారం గురువారం వస్తానన్నాడు.

పరీక్ష సంగతి పై వారం సోమవారం తెలిసింది. డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టింది. దాని పేరు కాగితం మీద రాసింది, చాంతాడంత పొడుగుంది. క్యాన్సర్ అని మాత్రం నాకు అర్థమైంది. పాతబడి అరిగిపోయిన నెత్తుటి కణాలను ఏరి తినేసి శుభ్రం చేసే కణాలు ప్రతి ఒంట్లోనూ ఉంటాయట. అవే క్యాన్సరయ్యాయి. ఇప్పుడు పాతదీ కొత్తదీ చూడకుండా తింటున్నాయి. గడ్డలా బయటికి కనపడదు, ప్లీహంలో, కార్జంలో, ఎముకల మూలగలో పరుచుకుంటుంది. ఈ జాతి కుక్కలకు ఎక్కువ వస్తుంది. నెత్తురు ఎక్కిస్తే దాన్నీ తింటాయి. మందు లేదు. రోజులు, మహా అయితే ఒకటి రెండు వారాలు.

అప్పుడు నా మాత్రల సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండొచ్చు, కానీ ఆ ఇంటి మనుషుల్లా మొహం చాటేయడం ఇష్టం లేకపోయింది. మనుషుల మాత్రలు కుక్క కడుపును పాడుచేస్తాయి, ఇంకెప్పుడూ ఇవ్వొద్దని డాక్టరమ్మ ముందు కసిరింది. తర్వాత మెల్లగా చెప్పింది. "ఆ నెత్తురు తయారవక తగ్గలేదు దీదీ, తయారైనదాన్ని తినేస్తున్నాయి. మీరేం పెట్టినా ఇంతే. రెండు వారాల ముందు తెచ్చినా ఇంతే." నన్ను ఓదార్చడానికే అందని తెలుసు. నాకు ఓదార్పు కలగలేదు. నాలుగు రోజులకు కుక్క లేచి మెట్లెక్కింది నా కార్జం వల్ల కాదన్నమాట. ఈ జబ్బులో మధ్యలో అలా ఒకటి రెండు మంచి రోజులు వస్తాయట. నేను కారణం లేకుండానే పొంగిపోయాను.

"దీన్ని ఇలా ఉంచితే ఊపిరి అందక పోతుంది" అంది డాక్టరమ్మ. "ఇప్పుడు సూది ఇస్తే నిద్రలో పోతుంది. ఈరోజే చేయడం మంచిది."

మామాకు ఫోను చేశాను. "అయ్యో, మిస్కీన్" అంది, పాపం అని. సూది మాట చెప్పగానే గొంతు మారింది. "ప్రాణం తీయడానికి మనమెవరం? హరామ్. నేను ఒప్పుకోను." ఇంటికి తీసుకొస్తానన్నాను. "ఇంటికి వద్దు. చావును పిల్లలు చూడకూడదు. అక్కడ వాళ్ళేదైనా చేస్తే అది వాళ్ళ పని. నన్ను అడగకు, నాకు చెప్పకు. ఖలాస్." ఫోను పెట్టేసింది. పాపం అంటకూడదు, చావు ఇంటికి రాకూడదు, మాట తన నోట్లోంచి పోకూడదు. ఆమె దేవుడికి లెక్క చెప్పే రోజున పక్కన నిలబడి వినాలని ఉంది నాకు.

యజమాని సంతకం లేకుండా కుదరదేమోనని డాక్టరమ్మను అడిగాను. ఆమె కంప్యూటర్లో చూసి నా వైపు తిరిగింది. "ఫైలు మీ పేరు మీదే ఉంది కదా దీదీ." మొదటి టీకాకు వచ్చిన రోజు కొడుకు కారులోంచి దిగకుండా, ఫోన్లో మాట్లాడుతూ, "నీ కార్డు ఇచ్చి రాయించు" అన్నాడు. నేను రాయించాను, మరిచిపోయాను. ఆ ఇంట్లో ఎవరికీ ఇష్టం లేని కాగితాలన్నీ పనివాళ్ళ పేరు మీదే పోతాయి. ఈ దేశంలో నేనుండే గది నాది కాదు, ఇక్కడ ఉండనిచ్చే నా ఇఖామా కార్డు కఫీల్ దయ, అంటే పనిలో పెట్టుకున్న యజమాని దయ. ఒక్క కుక్క మాత్రం ఐదేళ్ళుగా నాదట. ఆ సంగతి దాన్ని చంపడానికి ఒప్పుకోవాల్సిన రోజున తెలిసింది.

నాకు భయమేసింది. రేపు కొడుకు వచ్చి నా కుక్కను చంపావంటే నన్ను విమానమెక్కిస్తారు. అందుకే వాడికి మెసేజి పెట్టాను. పది నిమిషాలకు గొంతు రికార్డు చేసి పంపాడు. లోపలికి పోయి, దాని పక్కన నేల మీద కూర్చుని పెట్టి విన్నాను. కుక్కను పేరు పెట్టి పిలిచాడు. "హబీబీ, గురువారం దాకా ఆగు. నేను వస్తున్నా. ఆగు, సరేనా?" వెనకాల పాట వినిపిస్తోంది, ఎవరో నవ్వుతున్నారు.

రెండు రోజులుగా తల ఎత్తని కుక్క చెవులు నిలబెట్టింది. తోక నేలకు కొట్టింది. నాలుగుసార్లు. లెక్కపెట్టాను. ఫోనులోంచి ఎప్పుడు బయటికొస్తాడా అన్నట్టు నా చేతి వైపు చూసింది.

ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఐదేళ్ళు దాని మలం ఎత్తింది నేను, పళ్ళు తోమింది నేను, మోకాళ్ళు నొప్పులు పుట్టేలా మెట్ల మీద దాన్ని ఈడ్చింది నేను. నా గొంతుకు చెవి కూడా కదపలేదు. ఆ ఫోను పట్టుకునే సోమరిపోతు కోసం తోకాడించింది. "థూ, నీ బతుకు చెడ, నీకు సిగ్గుందిరా?" అన్నాను. ఏడుస్తూనే అన్నాను. డాక్టరమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది.

గురువారం దాకా బతుకుతుందా అని అడిగాను. బతకొచ్చు, కానీ ఈ మూడు రోజులు అది పడే బాధ మీరు చూడలేరు అంది. సంతకం పెట్టాను. తెలుగులో పెట్టాను, నాకు వచ్చింది అదే. సూది లోపలికి పోతున్నంతసేపూ వాడి గొంతు దాని చెవి దగ్గర పెట్టాను. రికార్డు అయిపోగానే మళ్ళీ పెట్టాను. నా గొంతు వినిపిద్దామనుకున్నాను, కానీ దానికి కావాల్సింది నాది కాదు. ఆరోసారి మొదలుపెడుతుండగా డాక్టరమ్మ నా భుజం తాకి, చాలు దీదీ అంది.

గురువారం మధ్యాహ్నం కొడుకు నేరుగా మేడ మీదికి వచ్చాడు. బట్టలు కూడా మార్చుకోలేదు. నేను గది కడుగుతున్నాను. తిడతాడనుకున్నాను. నన్ను ఇంటికి పంపించేస్తారనుకుని అప్పటికే పెట్టె సర్దుకుని ఉన్నాను. వాడు తిట్టలేదు. గుమ్మంలో నిలబడి తడి నేల వైపు చూస్తూ అడిగాడు.

"నేను పంపింది దానికి వినిపించావా?"

"వినిపించాను."

"ఏం చేసింది?"

మొహం చూశాను. చేతిలో ఫోను లేదు. కళ్ళు వాచి ఉన్నాయి, విమానంలో ఏడ్చినట్టున్నాడు. ఐదేళ్ళలో వాడు నన్ను ఒక మాట అడిగి, జవాబు కోసం ఎదురుచూడటం అదే మొదటిసారి. నాలుగుసార్లు తోక కొట్టిందని చెబితే సరిపోయేది. నా నోట్లోనే ఉంది ఆ మాట.

"ఏమీ చేయలేదు" అన్నాను. "గుర్తుపట్టలేదు."

వాడు తల ఊపాడు. తడి నేల మీద అలాగే కూర్చుండిపోయి మోకాళ్ళలో మొహం పెట్టుకున్నాడు. నేను చీపురు పట్టుకుని వాడి చుట్టూ నీళ్ళు తోసేశాను. చెప్పడానికి అప్పుడూ సమయం ఉంది. తర్వాత ఆ ఇంట్లో ఇంకో పది నెలలు పనిచేశాను. వాడు మళ్ళీ అడగలేదు, నేనూ చెప్పలేదు.